రెండు మీల్సు టోకెన్లు

శాంతికుమారి నాలుగో నంబరు టేబులు దగ్గర కూర్చుని గంటన్నర దాటింది. ఎదుటి కుర్చీలో చేతిసంచి పెట్టి కాపలా కాస్తోంది. గుప్పెట్లో ఉన్న రెండు మీల్సు టోకెన్లు చెమటకి మెత్తబడిపోయాయి.

కార్తీకమాసం, అందులోనూ ఆదివారం. కొండకర్ల ఆవలో పడవలెక్కి, పిట్టల్ని చూసి, నకనకలాడుతూ అనకాపల్లి వచ్చిపడ్డ జనంతో హోటలు కిటకిటలాడిపోతోంది. తింటున్నవాడి కుర్చీ వెనక ఒకడు, వాడి వెనక ఇంకొకడు. ఎవరు ఎప్పుడు మజ్జిగలోకొస్తారా అని అందరి చూపూ ఆకుల మీదే.

వడ్డించడానికి మాత్రం ఒకే ఒక్క మనిషి.

"మిగతా సర్వర్లు నలుగురూ పొద్దున్నే కేటరింగోళ్ల వేనెక్కీసి పిక్నిక్కులకి ఎలిపోయేరు బావా!" యజమాని త్రినాధరావు కౌంటర్లో కూర్చుని సెల్‌ఫోన్లో లబలబలాడుతున్నాడు. "ఏదో నాగరాజొక్కడు దొరికేడు గాబట్టి సరిపోయింది. లేపోతే ఈయేళ నా పరువేటైపోను?"

ఆ ఒక్క మనిషీ ఒక చేత్తో సాంబారు బకెట్టు, ఇంకో చేత్తో అప్పడాల బుట్టా పట్టుకుని బొంగరంలా తిరుగుతున్నాడు. ఒకరు బాబూ అంటారు, ఒకరు గురూ అంటారు. మర్యాద తెలిసినవాళ్లు ఏవండీ అంటారు.

"ఏవండీ!" అని శాంతికుమారి కూడా పిలిచింది. "ఇంకెంతసేపండీ?"

"వచ్చె, వచ్చె, ఒక్క నిముషం!" అంటూ ఆయన ఏడో టేబులు వైపు దూసుకుపోయాడు.

శాంతికుమారికి కడుపు మండింది. ఈ రోజు తన పెళ్లిరోజు. పెళ్లయి పదకొండేళ్లు. మొగుడి ఉద్యోగం అనకాపల్లిలో, తన కాపురం చీడికాడలో అత్తగారి దగ్గర. ఆయన ఇంటికొచ్చిన రోజున తను వడ్డిస్తుంది, ఆయన తింటాడు, బస్సెక్కి వెళ్లిపోతాడు. ఆ తరవాత పొయ్యి దగ్గర కూర్చుని తను తింటుంది. పెళ్లినాటి బంతిలో పక్కపక్కన కూర్చుని తిన్నదే మొదలూ, ఆఖరూ. ఈసారి మాత్రం గట్టిగా పట్టుబట్టింది. చీర వద్దు, గాజులు వద్దు, ఒక్క పూట ఎదురుబొదురుగా కూర్చుని తినాలంది. ఆయన కూడా సరేనన్నాడు. సెలవు కూడా పెట్టాడు.

మూడింటికి చీడికాడ బస్సు. గోడ గడియారంలో రెండున్నర అయింది.

"ఈ కుర్చీలో ఎవరైనా ఉన్నారా?" ఓ బొజ్జాయన అప్పుడే సగం కూర్చోబోతూ అడిగాడు.

"ఉన్నారండి. మా ఆయన."

"ఏరీ?"

"వత్తారండి," అంటూ సంచిని కుర్చీ మధ్యకి జరిపింది. ఇలా అడిగినవాళ్లలో ఈయన ఆరోవాడు.

పక్క టేబులు దగ్గర బెజవాడ నుంచి అరకు చూడ్డానికొచ్చిన ఆవిడ పెరుగన్నం కలుపుకుంటూ ఇదంతా గమనిస్తోంది. ఆవిడకి జాలేసింది.

"ఎక్కడమ్మా మీ ఆయన? ఇంకా రాలేదా?"

"సెలవే పెట్టేరండి. తీరా బయల్దేరి వచ్చేక పని నెత్తిన పడింది."

"మగాళ్లంతా ఇంతేలే. పేరూ, సెల్ నంబరూ చెప్పు, నేనే ఫోన్ చేసి నాలుగు పెడతాను."

శాంతికుమారి సిగ్గుపడి చీర చెంగు సర్దుకుంది. వాళ్ల వైపు మొగుడి పేరు నోటితో పలకరు. పలకమని చంపినా పలకరు.

ఇంతలో సర్వరు సాంబారు బకెట్టుతో పాటే అరటాకు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ముందు ఒకాకు ఏసెయ్యనా?"

"ఒకటి కాదు, రెండాకులూ ఒక్కసారే వెయ్యండి," అంది శాంతికుమారి మొహం ముడుచుకుని.

ఆయన బుర్ర గోక్కున్నాడు. "ఒక్క నిముషం," అని గొణిగి, ఆకు చంకలో పెట్టుకుని మళ్లీ మాయమయ్యాడు. వెళ్తూ వెళ్తూ ఎవరి మోచెయ్యో తగిలి గరిటెడు సాంబారు చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. లేత నీలం చొక్కా, కొత్తది, మడతలు కూడా పోలేదు. అయ్యో అనుకుంది శాంతికుమారి. పసుపు మరక, ఎంత ఉతికినా పోదు.

"సర్వరుకి అంత మంచి చొక్కా ఎందుకో!" బెజవాడావిడ నవ్వింది. "ఒక్క నిముషం, ఒక్క నిముషం, ఇదే పాట. ఈ మనిషిని కట్టుకున్న ఇల్లాలెవరో గాని, ఆవిడకి ఎంత ఓపికుండాలమ్మా!"

శాంతికుమారి గ్లాసెత్తి మంచినీళ్లు గటగటా తాగేసింది.

రెండూ నలభై. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంక లాభం లేదనుకుని లేచి నిలబడి, సంకోచమంతా వదిలేసి గట్టిగా కేక పెట్టింది.

"ఏవండీ!"

తినేవాళ్లు ముద్ద చేత్తో పట్టుకునే తలెత్తి చూశారు. సర్వరు ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. త్రినాధరావు గబగబా కౌంటరు దిగి చేతులు జోడించుకుంటూ వచ్చాడు.

"తప్పైపోయిందమ్మా! గంటన్నరై ఒక్కరూ కూకున్నారు, నాను సూత్తనే ఉన్నాను. కోప్పడకండి. మీకేటి కావాలో సెప్పండి, నానే సొయంగా తెచ్చి ఎడతాను."

శాంతికుమారి రెండు టోకెన్లూ ఆయన చేతిలో పెట్టింది.

"ఆ సాంబారు బకెట్టు తమరందుకుని, సెలవెట్టిన మా ఆయన్ని ఇలాగొచ్చి కూకోమనండి!"