నేల తాకే ముందు

"మోకాళ్లు వంచు! చూపు ముందటికి!" కింది నుంచి డానిష్ అరుస్తున్నాడు.

ప్రవళిక స్కీల మీద మంచు దిబ్బ అంచుదాకా దూసుకొచ్చి, ఇంకో నాలుగు గజాలుందనగా పక్కకు తిరిగి ఆగిపోయింది. పొద్దుటి నుంచి ఇది ఆరోసారి.

"మల్ల గదే పని!" డానిష్ నెత్తి కొట్టుకున్నాడు. "చెల్లె, ఎగురుడు ఎవలకైనా వస్తది. దిగుడే నేర్వాలె. నువ్వు ఎగురనే ఎగురకుంటే దిగుడు నేనెట్ల నేర్పాలె?"

డానిష్‌ది మహబూబ్‌నగర్. ఏడేళ్ల కిందట ఒక టూరిస్టు బస్సు వెంట మనాలికి వచ్చి, ఈ సోలంగ్ లోయలోనే ఉండిపోయాడు. ఇప్పుడు స్కీబోర్డింగ్ నేర్పుతున్నాడు. ప్రవళికది కట్టంగూర్. చండీగఢ్‌లో నర్సు ఉద్యోగం. శని, ఆదివారాలు సెలవు దొరికితే చాలు, ఇక్కడికి బస్సెక్కేస్తుంది. రెండు మూరల పొట్టి స్కీలు కాళ్లకు బిగించుకుని, చేతిలో కర్రలు లేకుండా వాలు మీద జారడం ఆమెకు నెలలోనే పట్టుబడింది. ఎగిరి దిగడమే రావడం లేదు. పోయిన వారం ఒకసారి తెగించి ఎగిరింది కానీ గాలిలో కళ్లు మూసుకుంది. వెల్లకిలా పడి మణికట్టు బెణికింది.

ఆ సంగతి ఫోన్లో విన్న తల్లి సోమమ్మ, మర్నాడే భర్తను రైలెక్కించింది. "పిల్లతోని ఆ ఎగురుడు బంద్ చేయించి రా" అని మరీ మరీ చెప్పి పంపింది.

ఆ భర్త, గాలయ్య, వాలు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మంకీ క్యాప్ మీద తువ్వాల చుట్టుకుని, చేతికర్రను మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. పొద్దుటి నుంచి బంద్ చేయమనీ అనలేదు, చేయమనీ అనలేదు.

ప్రవళిక స్కీలు విప్పి, వచ్చి పక్కన కూలబడింది. ఆయన చాయ్ గ్లాసు అందించాడు. అది ఆమె చేతిలో ఒలికింది.

"చెయ్యి వణుకుతాంది" అన్నాడు గాలయ్య.

"చలికి బాపూ."

"చలికి గాదు."

ప్రవళిక గ్లాసు కింద పెట్టేసింది. "అంచు కాడికి పోంగనే నాకు గా చప్పుడు ఇనవడ్తది."

ఏ చప్పుడో ఆయనకు తెలుసు.

అది ఆమె పదేళ్ల వయసులో విన్న చప్పుడు. తాటిచెట్టు మీద కల్లు గీస్తుండగా గాలయ్య నడుముకున్న మోకు తాడు తెగింది. ధబ్బుమని వినిపించి, కింద ఆడుకుంటున్న ప్రవళిక వెనక్కి తిరిగేసరికి, ఆయన బండరాళ్ల మీద మెలికలు తిరిగి ఉన్నాడు. తుంటి ఎముక నుజ్జయింది. నాలుగు నెలలు దవాఖానలో ఉన్నాడు. మళ్లీ చెట్టెక్కలేదు.

ఊరంతా ఒకటే మాట. "ఇరువై ఏండ్ల సంది చెట్లెక్కెటోడు. ఒక దిక్కు దున్నిన మెత్తటి దుక్కి ఉండంగ, పోయి పోయి రాళ్ల మీద వడ్డడు. భయానికి మతి పోయింది." గాలయ్య ఎవరికీ బదులు చెప్పలేదు. ఆ మాట వింటూ పెరిగిన ప్రవళికకు మాత్రం ఒకటి మనసులో నాటుకుపోయింది. కాళ్లు నేల విడిచాక మనిషికి తెలివి పనిచేయదు.

"చెట్ల మీదనే బతికినోనివి, నీకే మతి పోయింది. నేనెంత బాపూ?" అంది. "నువ్వు బంద్ చెయ్యమను. చేస్త."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "నీకు చెయ్యాలని లేదా?"

"ఉన్నది. భయమైతాంది."

"భయం కానీ. కండ్లు మాత్రం మూసుకోకు. ఏడ దిగాల్నో గా జాగనే చూడు."

ప్రవళిక ఆశ్చర్యపోయింది. "మరి అమ్మకేం చెప్తవ్?"

"నేను చెప్పుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

"చెల్లె, ఎండ వోతాంది!" డానిష్ కేకేశాడు. "మంచు గట్టిపడితే దెబ్బలు బాగ తాకుతయ్. ఇగ ఒక్కసారే!"

ప్రవళిక వాలెక్కింది. కిందికి చూస్తే గాలయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆమె జారడం మొదలుపెట్టింది. కాళ్ల కింద మంచు బర్రున గీసుకుపోతోంది. అంచు దగ్గర పడింది. చెవుల్లో అదే ధబ్బుమన్న చప్పుడు. కాళ్లు వాటంతటవే పక్కకు తిరగబోయాయి.

తిరగనివ్వలేదు.

నేల మాయమైంది. అయినా కళ్లు తెరిచే ఉంచింది. కుడి వైపు గడ్డకట్టిన మంచు గాజులా మెరుస్తోంది. ఎడమ వైపు మెత్తటి తెలుపు. ఎడమ వైపుకే చూసింది, మోకాళ్లు వంచింది. రెండు స్కీలూ ఒక్కసారే నేలను తాకాయి. తూలింది, ఒక చెయ్యి మంచులో ఆన్చింది, లేచి నిలబడింది.

డానిష్ ఈల వేశాడు. ప్రవళిక జారుకుంటూ వచ్చి తండ్రిని వాటేసుకుంది. ఆయన పంటి కింద పెదవి చిట్లి రక్తం వచ్చింది.

"బాపూ, మతి పోలే! అంత కనవడ్డది. గట్టిది ఏడున్నదో, మెత్తది ఏడున్నదో, అంత! ఏడ దిగాల్నో ఎంచుకునే అంత సేపు దొరికింది!"

"దొరుకుతది" అన్నాడు గాలయ్య.

ఆమె నవ్వు ఆగిపోయింది. "నీకు గూడ దొరికిందా?"

"మోకు తెగినంక జరసేపు మట్ట వట్టుకొని ఏలాడిన. కింద అంత సాఫ్‌గ కనవడ్డది."

"మరి దుక్కి దిక్కెందుకు దుంకలే? తెలిసి తెలిసి రాళ్ల మీదికెందుకు వోయినవ్ బాపూ?"

గాలయ్య ఆమె భుజం మీది మంచు దులిపాడు. తర్వాత జుట్టులోది ఏరాడు. పద్నాలుగేళ్లుగా చెప్పని మాట అప్పుడు చెప్పాడు.

"దుక్కిల నువ్వున్నవ్, బిడ్డా."