ఇరవయ్యో పిడి

“ఇరవయ్యో పిడి కూడా కట్టెయ్యండి అన్నయ్యగారూ. బళ్ళో నాకు ఇవాళే ఆఖరి రోజు,” అంటూ టీచరమ్మ తాడు చుట్టను బల్ల మీద పెట్టింది.

“పట్టుకునే చెయ్యి ఏదీ?” అన్నాడు తాళ్ళ కొట్టాయన తలెత్తకుండా.

“చెయ్యి లేకపోయినా కట్టండి. ఖాళీగా వేలాడే పిడిని చూస్తే నలుగురికీ బుద్ధొస్తుంది.”

“గిరాకీ లేని సరుకు నేను తయారు చెయ్యనమ్మా.”

ఇరవై నాలుగేళ్ళుగా ఇద్దరిదీ ఇదే బేరం. కొట్టుకు ఎదురుగా ఉన్న చిన్నపిల్లల బడి నుంచి రోజూ పొద్దున్నే పిల్లలు పార్కుకు నడుస్తారు. ఎవరూ దారి తప్పకుండా ఒక పొడుగాటి తాడు. దానికి ఎడమవైపు మగపిల్లలకు పిడులు, కుడివైపు ఆడపిల్లలకు. ఎడమవైపు ఇరవై పిడులూ మొదటి ఏడాదే నిండాయి. కుడివైపు నిండినవి మూడు.

ఎడమవైపుకు ఏటా కొత్త తాడు కోసి ఇరవై పిడులూ ఒకేసారి కట్టేస్తాడు. కుడివైపు మాత్రం ఒక పిల్ల చేరితే ఒక పిడి. అదీ ఏదో రంగు వెలిసిన పాత ముక్కతో.

“మగపిల్లలకు కొత్తదీ, మా ఆడపిల్లలకు పాతదీనా?” అని ఆమె ఎన్నోసార్లు అడిగింది.

“వాళ్ళకు అదే సరిపోతుంది,” అనేవాడు.

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. ఆ కసితోనే గుమ్మం గుమ్మం తిరిగింది. మూడు ఐదయ్యాయి. ఐదు పదకొండు దాకా వచ్చి రెండేళ్ళు కదల్లేదు, ఒక ఏడాది తొమ్మిదికి కూడా జారాయి. పోయినేడు పదిహేడు. ఈ ఏడాది పంతొమ్మిది.

తిరిగిన చోటల్లా ఆమెకు ఇంకో తలనొప్పి. తను వెళ్ళిన ఇంటి అరుగు మీదే చాలాసార్లు కొట్టాయన కూర్చుని ఉండేవాడు. ఊయల తాళ్ళు కొందరికి అమ్ముతాడు, కొందరికి మూడేళ్ళ గడువుతో అరువిస్తాడు. ఆ లెక్కేమిటో ఎవరికీ అంతుపట్టదు. గడువు దాటిందంటే మాత్రం “నా తాడు నాకిచ్చెయ్యండి” అని అరుగు దిగడు. ఊగి ఊగి పీచు లేచిన తాడును కూడా వదలడని వీధి వీధంతా అతన్ని పీసినారి అని పిలుస్తుంది.

“ఇస్త్రీ బండి మామ్మ మనవరాలు ఒక్కతే మిగిలింది,” అంది టీచరమ్మ నీరసంగా. “ఐదుసార్లు వెళ్ళాను. ఇది బడికిపోతే చంటాణ్ణి ఎవరు ఆడిస్తారంటుంది.”

“ఐదుసార్లూ ఆలస్యంగానే వెళ్ళారు.”

“పొద్దున ఆరింటికే వెళ్ళానండీ!”

“నేను గంటల సంగతి చెప్పడం లేదమ్మా.”

ఆమె ఏదో అనబోయేంతలో ఇస్త్రీ మామ్మే మనవరాలి చెయ్యి పట్టుకుని కొట్టు మెట్లెక్కింది. పాలిపోయిన ఆకుపచ్చ తాడును బల్ల మీదికి విసిరింది.

“ఇదిగో నీ తాడు! నెల్లాళ్ళుగా మా గుమ్మంలో తిష్ట వేశావు. నిప్పుల పెట్టెతో వాత పెట్టినా కదిలేవాడివి కాదు!”

“మాట నువ్విచ్చిందే కదా మామ్మా?”

“ఆరోజు సంతోషంలో ఇచ్చాను. మాటంటే మాటే, తప్పను.” మామ్మ టీచరమ్మ వైపు తిరిగింది. “తీసుకెళ్ళమ్మా దీన్ని. చంటాణ్ణి బండి పక్కనే పడుకోబెట్టుకుంటాలే.”

తను ఐదుసార్లు తిరిగింది ఫలించిందని టీచరమ్మ పొంగిపోయి పిల్లను దగ్గరికి తీసుకుంది. కొట్టాయన మాత్రం ఆ ఆకుపచ్చ తాడునే మూరెడు కోసి, కుడివైపు చివర బిగించి ముడేశాడు.

“ఇప్పుడు గిరాకీ ఉంది,” అన్నాడు.

ఆ పూట పిల్లల వరస వీధిలోకి రాగానే దర్జీ మిషను ఆపి బయటికొచ్చాడు. రొట్టెల కొట్టామె పిండి చేతులతోనే గుమ్మంలో నిలబడింది. బస్సు డ్రైవరు బండి ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి లెక్కపెట్టాడు.

“ఇటు ఇరవై... అటూ ఇరవై! టీచరమ్మా, తూకం సరిపోయింది!”

బస్సంతా చప్పట్లు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ, తల మాత్రం దించకుండా, వరస ముందు నడిచింది.

ఎడమవైపు వాళ్ళు ఎప్పటిలాగే పది అడుగులకోసారి పిడులు వదిలేసి తోసుకుంటున్నారు. కుడివైపు వాళ్ళు పట్టిన పిడి వదలరు, పక్కవాళ్ళది ముట్టుకోరు. అదంతా తన శిక్షణేనని ఆమె పై అధికారులకు ఎన్నిసార్లో గర్వంగా చెప్పుకుంది. కానీ ఇవాళే వచ్చిన ఈ పిల్లకు నేర్పిందెవరు? ఆకుపచ్చ పిడిని బుగ్గకు ఆనించుకుని, నిద్రలో నడుస్తున్నంత నిశ్చింతగా వస్తోంది.

పార్కు నుంచి తిరిగొచ్చేసరికి కొట్టు ముందు ఒక కుర్రాడు, ముఖం వెలిగిపోతూ, ఊయల తాడు అడుగుతున్నాడు.

“బాబా, పాపా?” అన్నాడు కొట్టాయన.

“పాప, బాబాయ్! తెల్లారే పుట్టింది!”

“అయితే అమ్మను, అరువిస్తాను. మూడేళ్ళకు తిరిగి తేవాలి. తాడొక్కటే తెస్తే తీసుకోను, ముందే చెబుతున్నా.”

“ఇవాళ నువ్వేమడిగినా సరే బాబాయ్!”

“అందుకేగా ఇవాళే అడిగేది,” అని కొట్టాయన టీచరమ్మ వైపు చూసి మొదటిసారి నవ్వాడు.

ఆమె గబుక్కున తాడుకు కుడివైపున్న పిడుల కేసి తిరిగింది. ఒకటి నీలం, ఒకటి తెలుపు, ఒకదాని మీద పాల మరక, ఒకదాని మీద చిన్న పంటిగాట్లు.

ఇరవై పిడులూ ఇరవై ఊయలల తాళ్ళు.