వేడి చాల్లేదు

"పోయిన నెల నీ కాలిగోరు తీస్తుంటే ఆస్పత్రి దద్దరిల్లేలా అరిచావు. చూడు, మగాడంటే ఇదీ!" అన్నారు మావారు.

కండలోకి దిగిన ఆయన బొటనవేలి గోరును ఎలా ఉందో చూద్దామని డాక్టరు పట్టకారుతో పైకెత్తాడు. చీము కారింది. ఆయన ఈల వేస్తున్నారు.

"నొప్పి లేదా?" అడిగాడు డాక్టరు.

"చీమ కుట్టినట్టయినా లేదు."

"మత్తు ఇంజెక్షన్ ఇంకా ఇవ్వలేదండీ. షుగరుతో పాదంలో స్పర్శ పోయి చాన్నాళ్లయింది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

ఈల ఆగింది. ఆయన నావైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను.

రోజూ ఆ కాలికి ఉప్పునీళ్లు కాచి పెట్టేది నేనే. నేను వేలు కూడా ముంచలేని నీళ్లలో పాదం పెట్టి, "వేడి చాల్లేదు, మొద్దూ!" అని ఆయన కసిరిన రోజే నాకు తెలిసింది.

భర్త మాట జవదాటను కదా, మర్నాటి నుంచి ఇంకాస్త మరగనిచ్చాను.