మూడుసార్లు చచ్చిన ముఖ్తార్

"కాల్చేసినవా?" అని అడిగారు జియావుద్దీన్ సార్.

"కాల్చేసిన సార్," అన్నాడు తిరుమల్. చేతిలోని రబ్బరు పిస్తోలు ఇంకా దించలేదు. ఎదురుగా కంపెనీ క్లర్కు ముఖ్తార్ వెల్లకిలా పడి ఉన్నాడు. అలవాటైన మనిషి కాబట్టి, పడేముందే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎందుకు కాల్చినవ్?"

"నా పార్కింగ్‌ల బండి వెట్టిండు సార్. జరుపుమంటే అమ్మను తిట్టిండు."

"తిడితే చస్తమా?"

"చావం గని సార్, కడుపుల మండుతది గద."

"మండితే చల్లటి లబన్ మజ్జిగ డబ్బా కొనుక్కొని తాగాలె. పిస్తోలు తియ్యొద్దు." సార్ కాగితం మీద ఏదో రాసుకున్నారు.

ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ షెడ్డులో సరుకు ఓడల మీద కాపలాకు వెళ్ళే గార్డులను తయారుచేస్తారు. నడుముకు తుపాకీ ఉండే డ్యూటీ. అందుకే చేర్చుకునేముందు ఈ పరీక్ష. తిరుమల్ పాత కంపెనీ మూతపడింది. తొమ్మిది రోజుల్లో ఎక్కడైనా కుదురుకోకపోతే ఊరికి విమానం ఎక్కాల్సిందే. పైగా నౌకరి వచ్చేసిందని పొద్దున్నే ఫోన్లో ప్రమీలకు చెప్పేశాడు. మొగుడికి దుబాయ్‌లో తుపాకీ ఇచ్చారని ఆమె ఈపాటికి వాడకట్టంతా చెప్పే ఉంటుంది.

ముఖ్తార్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "యల్లా, కానియ్యి," అంటూ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గాలిలో స్టీరింగు తిప్పసాగాడు. అది కారు. అతను కారు దొంగ.

ఈసారి మొదటి వంతు, తిరుమల్‌తోపాటు పరీక్షకు వచ్చిన నర్సింగ్‌ది. ఇద్దరిదీ ఒకటే గది. నర్సింగ్ పిస్తోలు ముట్టుకోలేదు. పక్కకు జరిగి, కారు నంబరు గట్టిగా చదివి, పోలీసుల 999కు ఫోన్ చేస్తున్నట్టు చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

బెంచీ మీది నుంచి తిరుమల్‌కు నవ్వాగలేదు. "అన్నా, ముంగటనే కారు వోతుంటే టాటా చెప్పి పంపుతవా?"

"కారు కంపెనీది తమ్మీ. పానం నాది," అన్నాడు నర్సింగ్.

తిరుమల్ వంతు రాగానే ముఖ్తార్ కుర్చీలోంచి జారి రెండోసారి చచ్చాడు.

"వాని చేతుల కత్తి ఉండెనా?" అడిగారు సార్.

"లేదు సార్."

"బండి నీ మీదికి తెచ్చిండా?"

"లేదు సార్, అటే వోతుండె."

"మరెందుకు కాల్చినవ్ మియా?"

"పోతే మల్ల దొరకడు గద సార్."

సార్ మళ్ళీ రాసుకున్నారు. ఈసారి కాస్త ఎక్కువే రాశారు.

మూడో పరీక్షలో ముఖ్తార్ బ్యాగు లాక్కున్నాడు. తిరుమల్ గట్టిగా అరిచేసరికి బ్యాగు పారేసి తలుపు వైపు పరుగెత్తాడు. వెనక డిష్యూం అని వినపడగానే ఒక అట్టముక్క చూసుకుని దాని మీద బోర్లా పడ్డాడు.

"బ్యాగు ఇచ్చేసి ఉరుకుతున్నోన్ని ఈపుల కాలిస్తే జడ్జి ఏమంటడు?"

"శభాష్ అంటడు సార్."

"ఇరవై ఏండ్లు అంటడు. ఇను. నీ పానం మీదికి రావాలె, తప్పించుకోను తొవ్వ ఉండొద్దు. గప్పుడే బయటికి తియ్యాలె. అంతకుముందు తీస్తే నువ్వే దొంగవు."

తిరుమల్ నాలుగోదైనా సరిగ్గా చెయ్యాలనుకున్నాడు. ఈసారి నర్సింగ్ చేసేటప్పుడు తనను బయట నిలబెట్టారు కాబట్టి చూసి నేర్చుకునే వీలు కూడా లేకపోయింది.

"దొంగ పడిపోయిండు. పిస్తోలు నీ చేతుల ఉంది. పోలీసొచ్చిండు. ఏం చేస్తవ్?" అని సార్ తానే ఈలవేస్తూ పోలీసులా తలుపులోంచి వచ్చారు.

పోలీసంటే మర్యాద ఇవ్వాలని తిరుమల్‌కు తెలుసు. ఎదురు పరుగెత్తి, మడమలు టపీమని కొట్టి, పిస్తోలున్న చేత్తోనే సెల్యూట్ చేశాడు. "సలాం సార్. నేనే కాల్చిన."

సార్ వేలితో అతని ఛాతీ మీద పొడిచారు. "ఠప్. నువ్వు వోయినవ్."

"నేను మంచోన్ని గద సార్?"

"నీ నొసట రాసుందా? పిస్తోలు కింద వెట్టి, రెండడుగులు ఎన్కకు వోయి, చేతులు మీదికి ఎత్తాలె. నర్సింగ్ గట్లనే చేసిండు."

అట్టముక్క మీది శవం కిసుక్కున నవ్వింది.

సార్ నర్సింగ్‌ను పిలిచి భుజం తట్టారు. "నువ్వు పాస్. పోయి ఆఫీసుల పాస్‌పోర్ట్ కాపీ ఇయ్యి."

తిరుమల్ పిస్తోలును రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు. ప్రమీలకు ఏం చెప్పాలో తోచలేదు. వాడకట్టుకు ఏం చెప్పాలో అంతకన్నా తోచలేదు.

"ఒక్క మాట సార్," అన్నాడు. "రెండు దినాలు మీ క్లాసుల కూసోనియ్యుండ్రి. అన్నీ నేర్చుకొని మల్లొస్త."

"వద్దు," అని సార్ కుర్చీలోంచి సగం లేచారు. "నువ్వేమీ నేర్చుకోవద్దు. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ముందుగాల తప్పులు చేసి చూపెట్టేటోడు కావాలె. ఆరు నెలల సంది ఎతుకుతున్న. ముఖ్తార్‌తోని చేయిస్తే వానికి కానూను యాదికొచ్చి చెయ్యి ఆగిపోతది. నువ్వు నాలుగుకు నాలుగు దిల్ పెట్టి చేసినవ్."

"అంటే... నౌకరి ఇచ్చినట్టేనా సార్?"

"పక్కా. గని నేను పాఠం చెప్తున్నంతసేపు చెవులల్ల దూది వెట్టుకోవాలె. నేర్చుకున్న దినమే నీ నౌకరి వోతది."