క్యాంపు రోజుల బొమ్మలు

అటక మీద సూట్‌కేసు పెడుతుంటే మేనేజరు చేతికి ఏవో కాగితాలు తగిలాయి. ప్రేమలేఖలైతే చదివి ఒక నిర్ణయానికి వచ్చేవాడు. అవి బొమ్మలు. రంగులతో వేసినవి, పదకొండు.

నీళ్ళ పంపుల కంపెనీలో ఆయన ఏరియా మేనేజరు. నెలకి నాలుగు రోజులు క్యాంపు. అప్పుడే క్యాంపు నుంచి దిగాడు.

బొమ్మలన్నీ వీధులే. ఈ ఊరివి కావు. ఈ దేశానివీ కావు. రాళ్ళు పరిచిన దారులు, అర్థంకాని లిపిలో బోర్డులు, ఏటవాలు కప్పుల ఇళ్ళు. కింద మూల భార్య సంతకం. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయినా ఆవిడ బస్టాండు దాటి ఒంటరిగా వెళ్ళింది లేదు.

ఒక బొమ్మ చూసేసరికి ఆయన గుండెలో రాయి పడింది. స్తంభానికి గొలుసుతో కట్టేసిన సైకిలు. దానికి ముందు చక్రం లేదు. ఊహించి వేసేవాళ్ళెవరైనా సైకిలుకి రెండు చక్రాలూ వేస్తారు. అంటే ఎవడో అక్కడికి వెళ్ళొచ్చి, ఫోటోలు తెచ్చి, పక్కన కూర్చుని మరీ వేయించాడన్నమాట.

సంతకాల కింద తేదీలున్నాయి. డైరీ తీసి సరిచూశాడు. పదకొండుకి పదకొండూ ఆయన క్యాంపులో ఉన్న రోజులే.

భార్యని నేరుగా అడగలేదు. అడిగితే చెప్పేస్తుంది. చెప్పేస్తే అనుమానించడానికి ఏమీ మిగలదు. నేను లేనప్పుడు ఎవరైనా వచ్చారా అని మాత్రం అన్నాడు. ఎవరొస్తారండీ అంది ఆవిడ, క్యాంపు ఎలా జరిగిందని అడిగింది. ఆయన ఎప్పట్లాగే చెప్పాడు. బస్సు కుదుపులు, హోటల్లో దోమలు, మెదడు తినేసే డీలర్లు, నడుం విరిగిపోయింది. ఆవిడ సూట్‌కేసులోంచి తీసిన చొక్కాలు చూసి, ఇస్త్రీ మడత కూడా నలగలేదే అంది. ఎండన పడి తిరిగే మగాడి కష్టం ఇంట్లో కూర్చునేవాళ్ళకేం తెలుస్తుందని ఆయన నిట్టూర్చాడు.

మర్నాటి నుంచి దర్యాప్తు మొదలైంది. సోఫా వాసన చూశాడు. గుమ్మం ముందు పట్టా దులిపి చూశాడు. టీ కప్పులు ఆరుండాలి, ఆరే ఉన్నాయి. అంటే కడిగి పెట్టేసిందన్నమాట.

చివరికి వాచ్‌మన్‌ని పక్కకి పిలిచాడు. మా ఆఫీసులో ఒకాయన ఇంట్లో దొంగలు పడ్డారు, అందుకని అడుగుతున్నా, అంటూ మొదలుపెట్టాడు.

"మీరు లేనప్పుడు ఎవరూ రారు సార్," అన్నాడు వాచ్‌మన్. "మేడమ్ గారు తలుపే తియ్యరు. లోపల్నుంచి పాట మాత్రం వినిపిస్తుంది."

"టీవీయేమో."

"కాద్సార్, మేడమ్ గారే. భలే పాడతారు. మీకు తెలీనిదేముంది?"

మేనేజరుకి తెలీదు. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ ఆయన ముందు కూనిరాగం కూడా తీయలేదు. ఇక అనుమానం లేదు, ఉన్నది రుజువే.

తర్వాతి నెల క్యాంపుకని సూట్‌కేసు పట్టుకుని బయల్దేరాడు. సందు మలుపులో ఆగి ఫోన్ చేసి, బస్సెక్కేశానని చెప్పాడు. ఆవిడ జాగ్రత్త అంది, కానీ ఫోన్ కట్ చెయ్యడం మర్చిపోయింది. మేనేజరు చెవి ఒగ్గాడు.

"ఇంకొంచెం ముందుకి," అంటోంది ఆవిడ ఎవరితోనో. "కుడివైపు తిప్పు. ఆగాగు, వెనక్కి. ఆ మేడ దాటేశాం."

దాటేశాం. ఆ మాట చాలు. మేనేజరు సూట్‌కేసు సందులోనే వదిలేసి పరుగు లంకించుకున్నాడు. కళ్ళజోడు ఎక్కడ జారిపోయిందో చూసుకోలేదు. మూడంతస్తుల మెట్లెక్కి, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి లోపలికి దూకాడు.

కారు లేదు. మగాడు లేడు. పాత కంప్యూటరు ముందు భార్య ఒక్కతే ఉంది, కొప్పులో కుంచె దోపుకుని. తెర మీద ఏదో వీధి.

ఆవిడ కంగారుపడలేదు. కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు ఇది నేర్పాడట. నెత్తిన కెమెరా పెట్టుకున్న కార్లు లోకంలో వీధి వీధీ తిరిగి, ఎప్పటికప్పుడు ఫోటోలు తీసి పెడతాయట. బాణం నొక్కితే ముందుకి పోవచ్చు. నచ్చిన చోట ఆగి బొమ్మ వేసుకోవచ్చు. తోడు ఎవరూ ఉండరు కాబట్టి తనతో తనే మాట్లాడుకుంటుందట. చక్రం లేని సైకిలు కూడా చూపించింది. నిజంగానే దానికి చక్రం లేదు. మరి నేను లేనప్పుడే ఎందుకని ఆయన అడిగితే, మీరుంటే నేను వంటింట్లోంచి బయటికి వస్తే కదండీ అంది.

మేనేజరుకి గుండెల మీంచి పంపుసెట్టు దింపినట్టయింది. దర్జాగా కూర్చుని టీ పెట్టమన్నాడు. బొమ్మలన్నీ చేయి చాచి దూరంగా పట్టుకుని చూశాడు. పిచ్చిది, లోకమంతా తెర మీద చూసుకుని మురిసిపోతోంది అనుకుంటే జాలేసింది.

"ఈసారి నిన్ను కూడా క్యాంపుకి తీసుకెళ్తాలే," అన్నాడు.

ఆవిడ కిటికీ దగ్గర ఆరబెట్టిన కొత్త బొమ్మ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

ఇరుకు వీధి. మొదటి అంతస్తు బాల్కనీలో బనియన్ వేసుకున్న ఒకాయన, కుర్చీలో జారగిలబడి, కాళ్ళు పిట్టగోడ మీదికి చాపుకుని ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు. కళ్ళజోడు లేకపోయినా మేనేజరుకి ఆ మనిషి సుఖం తెలుస్తూనే ఉంది.

"అదృష్టవంతుడు," అన్నాడు. "ఇది ఏ దేశం?"

"దేశమేమిటండీ, మీరు నెలనెలా క్యాంపు వేసే మన వెనకవీధి లాడ్జీయే," అంది ఆవిడ టీ అందిస్తూ, "ఆ కెమెరా కార్లవాళ్ళు మొహాలు మసక చేసేస్తారు కాబట్టి మీ మీసం నేనే గుర్తు తెచ్చుకుని వేశాను, సరిపోయిందో లేదో చూడండి."