కంపెనీ చాప్

కంపెనీ పుట్టి పదకొండు రోజులే అయింది. అప్పుడే అందులో ఉన్న ఒకే ఒక్క డ్రైవర్ని తీసేయాల్సి వచ్చింది. తీసేయాల్సింది డైరెక్టరు. ఆ డైరెక్టర్ని నేనే.

డైరెక్టరంటే పెద్దగా ఊహించుకోకండి. ఆస్తి ఒక కారు. పని, యాప్‌లో ఎవరు పిలిస్తే వాళ్ళను ఎక్కించుకోవడం. ఆఫీసు, మలేషియాలోని బంటింగ్‌లో మా వంటింటి బల్ల. పొద్దున దాని మీద నా భార్య దాలమ్మ ఉల్లిపాయలు తరుగుతుంది. ఆమె లేచాక నేను ఫైలు తెరుస్తాను. అందుకే మా కంపెనీ కాగితాలు చదివితే కళ్ళు మండుతాయి.

కంపెనీకి ఆమె పేరే పెట్టాను. దాలమ్మ ట్రాన్స్‌పోర్ట్ సెండిరియన్ బర్హాద్, అంటే ప్రైవేట్ లిమిటెడ్. మురిసిపోతుందనుకున్నాను.

"రేపు ఆ కారు ఎవులికైనా తగిలితే పేపర్లో నా పేరే కదా యేస్తారు," అంది.

ప్రతి కంపెనీకీ ఒక సెక్రటరీ ఉండాలని చట్టం. టీ పెట్టి, ఫోన్లెత్తే మనిషి దొరుకుతుందని సంబరపడ్డాను. తీరా క్లాంగ్ పట్నం వెళ్తే, సెక్రటరీ అంటే లైసెన్సు ఉన్న ఆఫీసరట. టీ సంగతి దేవుడెరుగు, షర్మిల అనే ఆ తెలుగమ్మాయి నన్నే కూర్చోబెట్టి క్లాసు పీకింది.

"ఒక్క కారుకి కంపెనీ ఏటికి అంకుల్? డ్రైవరు సొంత పేరుతోనే యాప్‌లో నడుపుకోవచ్చు లా," అంది. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడ అందరికీ అలవాటు.

"నాకు చాప్ కావాలమ్మా," అన్నాను.

రబ్బరు స్టాంపును మేం చాప్ అంటాం.

"చాప్ కోసం కంపెనీయా?"

"గుండ్రంది. నీలం సిరాది."

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక కంప్యూటరు వెనక మొహం దాచుకుంది. నిజమే, అరవై ఏడేళ్ళ వయసులో ఇదేం మోజు?

"డైరెక్టరు మీరొక్కలే గాబట్టి మీటింగులు అక్కర్లేదు. మీరు సంతకం సేస్తే అదే తీర్మానం," అంది చివరికి. నా మాటకు ఎదురుచెప్పేవాళ్ళు లేని చోటు నా జన్మలో అదొక్కటే.

ఇక డ్రైవరు సంగతి. పేరు తాతబాబు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఫ్యాక్టరీ వ్యాను నడిపాడు. మంచివాడే, కానీ ఒకరి మాట వినడు. పెళ్ళాం చెబితే రేడియో పెంచుతాడు. డాక్టరు చెబితే డాక్టర్ని మారుస్తాడు. చాప్ పడిన కాగితమంటే మాత్రం వణుకు. ఒళ్ళు కాలిపోతున్నా, చాప్ ఉన్న లీవు కాగితం చేతిలో పడితేనే వ్యాను దిగేవాడు. ఫ్యాక్టరీవాళ్ళు రిటైర్మెంట్ కాగితం ఇచ్చినప్పుడు అందులో ఏముందో చదవను కూడా లేదు. చాప్ చూశాడు, తాళం ఇచ్చేశాడు.

ఇప్పుడు అతని ఎడమ కన్నును షుగరు తినేసింది. కుడి కన్నూ అదే దారిలో ఉంది. 'ఇక కారు నడపకూడదు' అని డాక్టరు రాసిచ్చిన చీటీ కారు డాష్‌బోర్డు అరలో, టోల్ కార్డు కింద మడిచి ఉంది. ఖర్మ కొద్దీ ఆ డాక్టరు దాని మీద చాప్ కొట్టడం మరిచిపోయాడు.

కంపెనీ పెట్టడానికి వారం ముందు మాట. ఆ రోజు నేనూ కారులోనే ఉన్నాను. వెనక సీట్లో పునిత అనే నర్సు. బడి ముందు తెల్లచారల మీద ఎడమవైపు నుంచి ఒక పాప రోడ్డు దాటుతోంది. తాతబాబుకు కనబడలేదు. "అంకుల్!" అని పునిత కేక పెట్టింది. బ్రేకు పడింది. పాప నీళ్ళ సీసా టైరు కింద నలిగింది. పాప మాత్రం బంపరుకు జానెడు దూరంలో నిలబడే ఉంది. ఏడవలేదు. ఊరికే అలా చూసింది. ఆ చూపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

మర్నాడు పొద్దున మళ్ళీ యాప్ ఆన్ చేశాడు పెద్దమనిషి.

మరి డైరెక్టరుగారు చాప్ రాగానే వేటు వేశారా? లేదు. ఉత్తరం రెండుసార్లు రాసి రెండుసార్లు చించాను. జాలిగుండె అనుకోకండి, పిరికితనం. చేతిలో స్టీరింగ్ లేకపోతే తాతబాబు ఏమైపోతాడోనని నాకు భయం.

నిన్న సాయంత్రం కారు తెచ్చి మా గేటును గుద్దాడు. దాలమ్మ ఇక ఊరుకోలేదు. ఉల్లిపాయలు పక్కకు నెట్టి, చాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

"ముదలాలీ!" అంది. ఓనరుగారూ అని ఎత్తిపొడుపు. "కంపెనీ ఏటికి ఎట్టినావు? నీ డ్రైవర్ని ఎప్పుడు మానిపిస్తావు? ఇంకో పాప అడ్డమొచ్చినాకా?"

"మానేస్తే పగలంతా ఏటి సేస్తాడే?"

"ఉల్లిపాయలు తరగమను."

ఉత్తరం మలయ్‌లో రాశాను. తెలుగులో రాస్తే తాతబాబు ఏదో ఒకటి చెప్పి మార్పించుకుంటాడు. 'నేటి నుంచి మీరు ఈ కంపెనీ వాహనం నడపరాదు.' రెండే వరుసలు. డైరెక్టరన్న చోట సంతకం గీకి చాప్ కొట్టాను. ఒక్క అక్షరం చెదరకుండా పడింది.

"మరి డ్రైవరు సంతకం?" అంది దాలమ్మ. ఈసారి ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు.

కాగితం అడుగున, ఉత్తరం అందినట్టు డ్రైవరు సంతకం చేయాల్సిన గీత ఖాళీగా ఉంది.

మూత పెట్టిన పెన్నును మళ్ళీ తెరిచి, ఆ గీత మీద తాతబాబు అని నా పేరు రాసి, జేబులోంచి కారు తాళం తీసి దాలమ్మ చేతిలో పెట్టాను.