చెలమ మీద శంకుస్థాపన

నడివేసవికి కుంట ఎండిపోయింది. మధ్యలో ఒక్క చెలమ మాత్రం మిగిలింది. ఆ కుంటకు నాయకుడు తొండ. వారం వారం బండరాయి ఎక్కి అందరికీ కబుర్లు చెప్పేది.

"ఏటి నుంచి మన కుంటకు కాలువ మంజూరైంది. పైవాళ్లతో నేనే మాట్లాడాను. ఉడుత గారికి ముగ్గురు పిల్లలు పుట్టారు, అభినందనలు. నత్త గారు కాలం చేశారు, సంతాపం. రేపే కాలువకు శంకుస్థాపన."

కప్పలు అలవాటు కొద్దీ బెకబెకమన్నాయి.

మర్నాడు రాయి పాతుదామంటే నేలంతా గట్టిగా ఉంది. మెత్తగా ఉన్నది చెలమ ఒక్కటే. తొండ అక్కడే రాయి వేయించింది. ఊట మూసుకుపోయింది.

"తొండన్నా, ఆ రాయి తీయించు. పిల్లలు దాహంతో అల్లాడిపోతున్నారు" అంది ముసలి కప్ప.

తొండ తల ఊపింది. కప్పలు సంబరపడి వెళ్లిపోయాయి. తొండ అన్నాక దేనికైనా తల ఊపుతుంది, అది దాని పుట్టుక. ఆ సంగతి కప్పలకు మూడు రోజులు ఎదురుచూశాక గుర్తొచ్చింది. అన్నీ కలిసి వీపులు దోక్కుపోయేలా రాయిని పక్కకు తోశాయి. చెలమలో మళ్లీ నీళ్లు ఊరాయి.

ఆ వారం తొండ ఎప్పటిలాగే బండ ఎక్కింది.

"నా కృషి ఫలించింది. చెలమలో నీళ్లు పడ్డాయి. ఇది మొదటి విడత."

"మరి రెండో విడతలో ఏం చేస్తావు?" అంది ముసలి కప్ప.

"ఇంతకన్నా పెద్ద రాయి వేయిస్తాను."

ఈసారి ఒక్క కప్ప కూడా బెకబెకమనలేదు. అన్నీ లేచి వెళ్లి చెలమ చుట్టూ కూర్చున్నాయి.